గండికోటకు ఫోన్ టికెట్టా, ఈల వేసే మనిషా?

జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళ్తే ముందు కోటగోడ కనిపిస్తుంది. పెన్నా లోయ మాత్రం జుమ్మా మసీదు, ధాన్యాగారం, రంగనాథాలయం చూసుకుంటూ బండలెక్కితే గాని బయటపడదు. సాయంత్రం జనమంతా చేరేది ఆ బండల మీదికే.

ఈ గుంపును అదుపులో పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, సమయం ఎంచుకుని ఫోన్‌లో ముందే టికెట్ తీసుకునే పద్ధతి. రెండోది, లోయ అంచున ఈల వేసే కాపలా మనుషులను పెట్టడం. మొదటి పద్ధతిలో ఎందరు వస్తారో పొద్దున్నే తెలిసిపోతుంది. దీనికి సరైన చోటు బెలుం గుహలు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలో సందర్శకులను కొంతమేరకే అనుమతిస్తారు. లోపల ఉక్క, ఇరుకు. ఒకేసారి జనం దిగితే వంగి నడిచే చోట ఎదురుపడినవారు పక్కకు తప్పుకోవడానికీ వీలుండదు. దానికి ద్వారం ఒకటే కాబట్టి లెక్క కూడా తేలిక.

గండికోట అలా కాదు. కోటలోపలే ఊరుంది, అంచు అంతా బయలు. టికెట్ ఎవరు తీసుకున్నారో ఫోను చెబుతుంది గాని, ఎవరు ఏ బండ చివర నిలబడ్డారో చెప్పదు.

పోయిన శీతాకాలం ఒక కుర్రాడు సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేస్తున్నాడు. కాపలా పెద్దాయన ఈల వేసి, "నాయనా, ఆ రాయి కదులుతుంది!" అని కేకేశాడు. ఏ రాయి కదులుతుందో ఆయనకు తెలుసు.

నన్నడిగితే డబ్బు ముందు అలాంటి మనుషుల జీతాలకే పెట్టాలి. టికెట్ యంత్రం వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.