ఏడేళ్లు వాడిన వినికిడి యంత్రాలు: రిపేరుకు వచ్చాయని ఎలా తెలుసుకోవాలి

2018లో రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకున్నాను. చెవి వెనక కూర్చునే చిన్న పెట్టె, దాని నుంచి వచ్చే సన్నని తీగ, తీగ చివర చెవి కన్నంలోకి వెళ్లి శబ్దాన్ని వినిపించే చిన్న స్పీకరు, అంటే రిసీవర్, దాని మీద మెత్తని రబ్బరు తొడుగు: ఇదీ నా యంత్రాల అమరిక. గోధుమరంగు స్టిక్కరుతో వచ్చే 312 సైజు బ్యాటరీలు వాడతాను. చెన్నైలో, పశ్చిమ మాంబళంలో ఉంటూ, నిద్రపోయే వేళ తప్ప రోజంతా వీటిని ధరించి గడిపిన మనిషిగా ఈ సమీక్ష రాస్తున్నాను. యంత్రాల మీద నాకు అసంతృప్తి లేదు. అయితే ఇవి ఒక్కసారిగా మూగబోవడం అరుదని, కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తాయని, ఆ తగ్గుదలను మనం యంత్రంలో కాక ఎదుటివారి గొంతులో వెతుకుతామని కొన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

రెండో ఏడు ఒకనాటి మధ్యాహ్నం భోజనాల దగ్గర నా భార్య "చారు వేయనా?" అని అడిగితే నాకు "ఆరు" అని వినిపించింది. ఆ వారమంతా "సంచి" నాకు "అంచి"గానే వినిపించింది. ఆమె మాటను మింగేస్తోందని నేను విసుక్కున్నాను, అందుకు ఇప్పటికీ బాధపడతాను. తప్పు ఆమెది కాదు. రిసీవర్ మూతి దగ్గర గులిమిని ఆపడానికి గుండుసూది తలంత తెల్లని జల్లెడ ఒకటి ఉంటుంది, దానిని వ్యాక్స్ గార్డు అంటారు. అది సగం పూడుకుపోయింది. స, శ, చ వంటి హల్లుల్లో ఉండేది సన్నని, హెచ్చు శ్రుతి ధ్వని కాబట్టి దారి ఇరుకైతే చాలాసార్లు ముందుగా జారిపోయేవి అవే. అచ్చులు బాగానే వినిపిస్తూ ఉండడం వల్ల యంత్రం పనిచేస్తోందనే భ్రమ కలుగుతుంది. కొత్త గార్డుతో వచ్చే పుల్ల ఒక కొసతో పాతదాన్ని లాగి, రెండో కొసతో కొత్తదాన్ని నొక్కితే చాలు, నిమిషంలో అయిపోయే పని.

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి ఉదయం ఒక పరీక్ష జరుగుతుంది. నా భార్య నా వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులను వరుస మార్చి పలుకుతుంది, నేను తిరిగి చెబుతాను. డేనియల్ లింగ్ రూపొందించిన ఈ ఆరు ధ్వనుల పరీక్షను మా ఆడియాలజిస్ట్, అంటే వినికిడిని పరీక్షించే నిపుణులు, నేర్పారు. ఒక్కొక్క చెవినీ విడిగా చూడాలి, లేకపోతే బాగున్న చెవి రెండో దాని లోపాన్ని కప్పిపుచ్చుతుంది. ఎదురుగా నిలబడి పలికితే పెదవుల కదలికే జవాబు చెప్పేస్తుంది.

యంత్రం పూర్తిగా నిశ్శబ్దమైతే ముందు బ్యాటరీని అనుమానించాలి. జింక్-ఎయిర్ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది కనుక స్టిక్కరు తీశాక ఒక నిమిషం ఆగి పెట్టడం మంచిది. తరువాత యంత్రాన్ని అరచేతిలో పెట్టి గుప్పిట మూస్తే కీచుమని ఈల రావాలి. కొత్త బ్యాటరీ, కొత్త గార్డు పెట్టినా ఆ ఈల రాకపోతే అప్పుడు చూపించవలసిందే. చెవిలో పెట్టుకున్నాక ఈల వస్తే మాత్రం అది వేరే సంగతి: రిసీవర్ నుంచి వచ్చిన శబ్దం బయటికి కారి మళ్లీ మైకులో పడుతోందని అర్థం. తొడుగు చిరిగి ఉండవచ్చు, వదులై ఉండవచ్చు, చెవిలో గులిమి అడ్డుపడి ఉండవచ్చు. రబ్బరు తొడుగుకు బదులు చెవి ఆకారానికి అచ్చు పోసిన మోల్డు వాడే మా అక్కయ్యకు ఇదే ఈల, ఆ మోల్డుకు శబ్దాన్ని చేర్చే ట్యూబు గట్టిపడి పగిలినందువల్ల వచ్చింది.

చెన్నైలో అసలైన శత్రువు తేమ. మే నెల కత్తిరి ఎండల్లో చెమట చెవి వెనకకు కారుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల గాలి. ఒక నవంబరులో కుడి యంత్రం ఉదయం బాగుండేది, పదకొండు గంటలకు చిటపటలాడేది, మధ్యాహ్నానికి మాట దూరమయ్యేది, మర్నాడు పొద్దున మళ్లీ మామూలే. రాత్రంతా తేమను పీల్చే సిలికా జెల్ గుళికల డబ్బాలో ఆరి కోలుకునే యంత్రంలోకి తేమ చేరిందని ఆ వరుసే చెబుతుంది. డబ్బాలో పెట్టేముందు బ్యాటరీ తీసి, యంత్రం బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి. మా డబ్బాలోని నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వాటిని వేడిచేసి ఆరబెడతాము. బ్యాటరీ తగిలే లోహపు రేకుల మీద పచ్చని, తెల్లని పొక్కు కనిపిస్తే ఇంట్లో గీకకూడదు.

అన్నీ లోపాలు కావని కూడా చెప్పాలి. మార్గళి నెల (డిసెంబరు-జనవరి) సంగీత కచేరీలో వేణువు నిలిపి పట్టిన స్వరం నా చెవిలో వణికింది, యంత్రం పాడైందనుకున్నాను. ఈలను అణచే ఏర్పాటు ఆ నిలకడ స్వరాన్నే ఈల అనుకుందని ఆడియాలజిస్ట్ వివరించి, సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టారు. ఇప్పుడు త్యాగరాజ కృతి తిన్నగా వినబడుతోంది.

ఐదో ఏడు ఎడమ యంత్రంలో మాట పగిలినట్టు వచ్చినప్పుడు ఒక దుకాణంలో దానిని తెరవకుండానే కొత్తది కొనమన్నారు. పింఛను మీద బతికే మనిషికి అది చిన్న మాట కాదు. మరొక చోట పరీక్ష పెట్టెలో ఉంచి కొలిచి, వక్రీకరణ రిసీవర్‌లోనే ఉందని చూపించి, దాన్ని మాత్రం మార్చారు. కొలవకుండా చెప్పిన తీర్పును నేను ఇక ఒప్పుకోను.

యంత్రం గుప్పిట్లో చక్కగా ఈల వేస్తూ, చెవి మాత్రం ఉన్నట్టుండి వినడం మానేస్తే అది రిపేరు విషయం కాదు. ఆ రోజే ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, ఆలస్యమైతే చికిత్సకు ఫలితం తగ్గవచ్చు.

ప్రస్తుతం కుడి యంత్రం అప్పుడప్పుడు ఆగి, తనంతట తానే పలుకుతోంది. ఇలాంటి లోపం క్లినిక్‌లో చాలాసార్లు కనిపించదు కాబట్టి ఆగిన ప్రతిసారీ కాగితం మీద రాస్తున్నాను: సోమవారం పొద్దున చెప్పులు తొడుక్కుంటుండగా, బుధవారం పంపు దగ్గర బిందె ఎత్తుతుండగా. రెండుసార్లూ తల వంచి ఉన్నాను. బ్యాటరీ తలుపు కీలును వేలితో కదిపి చూస్తే వదులుగా ఉంది, శనివారం ఆ కాగితంతో సహా తీసుకువెళుతున్నాను.