రెండు బల్క్‌హెడ్లు (నీళ్లు ఆపే లోపలి అడ్డగోడలు) ఉన్నాయన్న సీ కయాక్‌లో ఒకటే ఉంది, కొనేముందు చూసుకోండి

ఇంకా జుట్టు కూడా ఆరలేదు, ఆ కోపంలోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. పాత కయాక్‌లు అమ్మే ఆ పెద్దమనిషి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు, ప్రతి ఫొటోలో పడవని అద్దంలా తుడిచి పక్కన తెడ్డు ఆనించి పెడతాడు చూడండి, ఆయనే. మొన్న ఆయన దగ్గరే సీ కయాక్, అంటే సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కొన్నాను.

నేను వెతికింది 5 మీటర్ల పొడవు, 55 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది. ఇది 4.4 మీటర్లు, వెడల్పు 63. దీన్ని నాకు అంటగట్టడానికి అరగంట క్లాసు పీకాడు. "పొడుగ్గా ఉంటే తిప్పలేరు మేడం, మోయలేరు. వెడల్పు ఉంటేనే స్థిమితంగా కూర్చుంటారు." ఇందులో ఏదీ పచ్చి అబద్ధం కాదు, అదే నా ఏడుపు. పొడవు తగ్గితే వేగం తగ్గుతుంది, నిజమే, కానీ ఆ వేగం నీటిని తాకే పొడవుకి వర్గమూలం లెక్కన మారుతుంది కాబట్టి ఇక్కడ తేడా ఆరేడు శాతమే, పైగా నాలాగా నింపాదిగా తెడ్డు వేసేవాళ్లకి పొట్టి పడవకే నీటి రాపిడి తక్కువ. వెడల్పు సంగతే సగం చెప్పి సగం మింగాడు. వెడల్పుగా, అడుగు బల్లపరుపుగా ఉన్న పడవ కదలని నీళ్లలో బుద్ధిగా ఉంటుంది, పక్క నుంచి అల వచ్చిందంటే ఆ అల వాలుతో పాటే తనూ వాలిపోతుంది. సన్నటిది, అడుగు గుండ్రంగానో వి ఆకారంలోనో ఉన్నది, ఎక్కగానే ఊగి భయపెడుతుంది గానీ ఒకసారి పక్కకి ఒరిగాక అక్కడ పట్టు దొరుకుతుంది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసీ తలూపాను, మనిషి అంత మర్యాదగా మాట్లాడుతుంటే కాదనలేక.

సరే, అసలు విషయానికి వస్తాను. బల్క్‌హెడ్లు ఉన్నాయా అని ప్రత్యేకంగా అడిగాను. "రెండూ ఉన్నాయి మేడం, ముందొకటి, వెనకొకటి, చుక్క నీరు దిగదు" అన్నాడు. వెనక మూత తీసి చూపించాడు, లోపల పొడిగా, ముచ్చటగా ఉంది. ముందు మూత మీద నేను చెయ్యి వేయగానే, "అది కొత్త రబ్బరు మేడం, ఊరికే తీస్తే సాగిపోతుంది" అన్నాడు. నేను చెయ్యి తీసేశాను. అవును, తీసేశాను. మూత ఉన్నది తీయడానికి కాకపోతే దేనికి, అని అడగడానికి నోరు రాలేదు నాకు. పైన పటారం, లోన లొటారం అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా, ఆ లోన ఏముందో చూడడానికి టార్చి కూడా తీసుకెళ్లాను, వెనక భాగంలో వేసి మురిసిపోయి జేబులో పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున స్నేహితురాలిని వెంటబెట్టుకుని నడుము లోతు నీళ్లలో బోల్తా కొట్టి బయటపడే ప్రాక్టీసు చేశాను. బోల్తా పడ్డాను, బయటికొచ్చాను, అంతవరకు బాగానే ఉంది. పడవని తిప్పుదామని చూస్తే ముందు కొన మునిగిపోతోంది. వెనక భాగంలో గాలి ఉంది కాబట్టి వెనక కొన పైకి లేస్తోంది, ముందు కొన ఇసుకలోకి దిగి పాతుకుంది, పడవ ఏటవాలుగా నిలబడింది. మామూలుగా అయితే తోడున్నవాళ్లు ముందు కొనని తమ పడవ మీదకి ఎత్తితే సీటు వెనకున్న గోడ దాకా వచ్చిన నీళ్లన్నీ కాక్‌పిట్ (మనం కూర్చునే చోటు) లోంచి కారిపోతాయి. ముందు భాగమంతా నీళ్లే ఉంటే ఎత్తేదెవరు? లీటరు ఉప్పునీరు కిలో పైమాటే, ఖాళీ ప్లాస్టిక్ పడవే ఓ పాతిక కిలోలు. ఇద్దరం కలిసి లాగితే ఒడ్డుకు చేరేసరికి నా నడుం విరిగినంత పనైంది. అప్పుడు తీశాను ఆ ముందు మూత. లోపలికి చూస్తే కాళ్లు ఆనించే పెడల్స్ కనిపిస్తున్నాయి, వాటి వెనక నా సీటు. మధ్యలో గోడ లేదు.

అక్కడే తడి బట్టలతో ఫోన్ చేశాను. ముందు "మీరు సరిగ్గా చూసి ఉండరు మేడం" అన్నాడు. ఫొటో పంపించాను. అప్పుడు మాట మారింది, మనిషే మారాడు. "చూడమ్మా, అది ఫోమ్ గోడ, కాళ్లు పట్టడం లేదని నేనే పీకేశాను, నీకే హాయి కదా, కాళ్లు చాపుకోవచ్చు. అయినా బోల్తా పడడం నీకు బ్యాలెన్స్ రాక, పడవ తప్పా?" కావాలనే బోల్తా కొట్టానని చెప్తే నవ్వాడు. డబ్బు చేతికి వచ్చేదాకా మేడం, మీరు. వచ్చాక చూడమ్మా, నీకు. తన చేత్తో పీకిన గోడని, "రెండూ ఉన్నాయి" అని నా మొహం మీదే చెప్పి, ఇప్పుడదేదో నాకు చేసిన ఉపకారంలా మాట్లాడుతున్నాడు. ఆ నవ్వే ఇంకా చెవిలో ఉంది. డబ్బు సంగతి ఎత్తితే "అమ్మిన సరుకు వాపసు తీసుకోను" అని ఫోన్ పెట్టేశాడు.

స్కెగ్, అంటే పడవ నేరుగా పోవడానికి వెనక అడుగున దిగే రెక్క, అది కూడా దిగడం లేదు, పక్కన మీట కదులుతుంది గానీ కింద రెక్క బయటికి రాదు, పక్కగాలి కొడితే ముక్కు గాలి వైపే తిరుగుతోంది. దాన్ని తప్పు పట్టను, గులకరాయి ఇరుక్కోవడం ఏ పడవకైనా ఉన్నదే, రెక్క చివర చిన్న రంధ్రం పెట్టి తాడు కట్టుకుంటే ఎవరైనా లాగి తీయొచ్చు. గోడ కథ వేరు. మళ్లీ ఫోమ్ పెడదామంటే ఆ ప్లాస్టిక్‌కి జిగురు సరిగ్గా అంటుకోదు, ప్రస్తుతానికి ముందు భాగంలో గాలి సంచి ఊది ఇరికించడం తప్ప దారి లేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా పని.

కొనేవాళ్లు ముందూ వెనకా మూతలు రెండూ తీయించండి, అమ్మేవాడు మొహం ముడుచుకున్నా సరే. టార్చి వేయండి, చెయ్యి పెట్టి గోడని నెట్టి చూడండి, కుదిరితే కాక్‌పిట్‌లో నాలుగు బకెట్ల నీళ్లు పోసి ముందుకీ వెనక్కీ వంచి చూడండి, ఏ అరలోకి దిగుతాయో తెలిసిపోతుంది. పడవ తిరగేసి స్కెగ్ దింపించండి.

ఆయన ఇప్పుడే ఇంకో పడవ అమ్మకానికి పెట్టాడు, ఇది ఎర్రది. రెండు బల్క్‌హెడ్లు అని రాశాడు. తొమ్మిది ఫొటోలున్నాయి, ముందు మూత తీసింది ఒక్కటీ లేదు.