సైకిల్‌కు ఎన్‌ఎంసీ, ట్రైలర్‌కు ఎల్‌ఎఫ్‌పీ

ఎలక్ట్రిక్ సైకిల్‌కు బ్యాటరీ కొనేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని కిలోమీటర్లు వస్తుందని. కానీ బరువు ఎక్కడ మోయాలో, సైకిల్ మీదా, వెనక లాగే ట్రైలర్‌లోనా అన్నది తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే. 48 వోల్టులు, 15 ఆంపియర్ అవర్ ప్యాక్ అంటే దాదాపు 720 వాట్ అవర్. ఎన్‌ఎంసీలో (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉన్న లిథియం రకం) అది 4 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఎల్‌ఎఫ్‌పీలో (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) 7 కిలోలకు చేరుతుంది. ఆ తేడా సైకిల్‌ను మెట్లెక్కించేటప్పుడు భుజానికి తెలుస్తుంది. ట్రైలర్‌లో ఇరుసుకు దగ్గరగా, కిందికి పెడితే పట్టింపే ఉండదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి రెండు మాటలు చాలు. ఇదే సామర్థ్యానికి 20 కిలోలకు దగ్గరవుతుంది. పైగా లేబుల్ మీది అంకె చాలావాటిలో 10, 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. మోటారు గంటలో లాగేస్తే అందులో సగం, కాస్త ఎక్కువ దక్కుతుంది. సగం ఛార్జితో నెలలు వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి అదీ పోతుంది. చవకని కొంటే రెండుసార్లు కొన్నట్టే.

ఎన్‌ఎంసీ తేలిక, చిన్నది, ఫ్రేములో ఇమిడిపోతుంది. 13 సెల్స్ వరుస, నిండితే 54.6 వోల్టులు. ఖాళీ అవుతున్నకొద్దీ వోల్టేజి క్రమంగా దిగుతుంది కాబట్టి మామూలు మీటరు కూడా మిగిలిన ఛార్జిని సుమారుగా సరిగ్గానే చూపిస్తుంది. ఆయుష్షు 500 నుంచి 1000 ఛార్జి సైకిళ్లు, అంటే అన్నిసార్లు నింపి ఖాళీ చేయొచ్చు. సెల్‌కు 4.2 బదులు 4.1 వోల్టుల దగ్గర, అంటే ప్యాక్‌కు 53.3 దగ్గర ఛార్జింగ్ ఆపితే సామర్థ్యం కాస్త తగ్గినా ఆయుష్షు బాగా పెరుగుతుంది. దీని అసలు బలహీనత వేడి. నీళ్లు దూరిన ప్యాక్, కిందపడి సొట్టపోయిన ప్యాక్, ప్యాక్ వోల్టేజికి పొంతనలేని ఛార్జర్: మంటలకు దారులు ఎక్కువగా ఇవే. ఇంట్లోంచి బయటపడే దారిలో మాత్రం ఛార్జింగ్‌కు పెట్టకండి.

ఎల్‌ఎఫ్‌పీ అంత తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా వెలువడే వేడి తక్కువ. అలాగని దెబ్బతింటే మండే వాయువు రాదని కాదు. 2000 ఛార్జి సైకిళ్లు దాటడం దీనికి మామూలే. మొదటి చిక్కు వోల్టేజి దగ్గర. 16 సెల్స్ పెడితే నిండినప్పుడు 58.4 వోల్టులు. కంట్రోలర్ (మోటారుకు కరెంటును అదుపులో పంపే పెట్టె) మీద 60 వోల్టులు గరిష్ఠమని ఉంటే నడుస్తుంది, లోపలి కెపాసిటర్లు 63 వోల్టులవా అన్నది మూత తీసి చూసుకోవడం మేలు. 15 సెల్స్ అయితే 54.75, అంటే 13 సెల్స్ ఎన్‌ఎంసీ ఛార్జర్ దానికి దాదాపు అతికినట్టు సరిపోతుంది.

రెండో చిక్కు మీటరు. ఎల్‌ఎఫ్‌పీ సెల్ 80 శాతం దగ్గరా, 30 శాతం దగ్గరా కూడా దాదాపు 3.3 వోల్టుల దగ్గరే ఉంటుంది. వోల్టేజి చూసి లెక్కగట్టే మీటరు సగం దారిదాకా ‘ఫుల్’ అని చూపించి, ఆ తర్వాత ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది. షంట్ (పారే కరెంటును కొలిచే చిన్న రెసిస్టర్) పెట్టి ఆంపియర్ అవర్లు లెక్కించే మీటరు వేసుకోవాల్సిందే. బీఎంఎస్ (ప్యాక్‌లోని సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) కూడా సెల్స్‌ను సమం చేసేది 3.4 వోల్టులు దాటాకే. అందుకని ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఆపేయకుండా, అప్పుడప్పుడు పూర్తిగా నింపి రెండు గంటలు ఛార్జర్‌కే వదిలేయాలి.

గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద, ఈ రెండింటినీ ఛార్జ్ చేయకూడదు. లిథియం లోహంగా పేరుకుపోతుంది, అది మళ్లీ వెనక్కి రాదు. ఆ చలిలోనూ ఛార్జింగ్ తప్పనివాళ్లకు ఎల్‌టీఓ (లిథియం టైటనేట్ రకం) ఉంది. వేల ఛార్జి సైకిళ్లు నడుస్తుంది, నిమిషాల్లో నిండుతుంది. కానీ సెల్‌కు 2.4 వోల్టులే, బరువు ఎల్‌ఎఫ్‌పీకి దాదాపు రెట్టింపు. మామూలు వాడకానికి అనవసరం.

బ్యాటరీ ట్రైలర్‌లో ఉండి, మోటారు మాత్రం సైకిల్‌కు ఉంటే తీగ మందం చూడాలి. పోనూ రానూ 6 మీటర్ల రాగి తీగలో 20 ఆంపియర్లు పారితే, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 1.4 వోల్టులు పోతాయి, 27 వాట్లు వేడిగా మారతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం అర వోల్టే. ఫ్యూజు మోటారు వైపు కాదు, బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి. ట్రైలర్ విడదీసే చోట స్పార్కు రాని రకం కనెక్టర్ పెట్టాలి, లేదంటే కంట్రోలర్ కెపాసిటర్లు నిండే ప్రతిసారీ పిన్నులు కాలిపోతాయి.

సైకిల్ మీది ఎన్‌ఎంసీని, ట్రైలర్‌లోని 15 సెల్స్ ఎల్‌ఎఫ్‌పీని పారలల్‌గా కలిపేద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఛార్జర్ ఒకటేగా అని. వద్దు. నిండి విశ్రాంతిగా ఉన్న ఎల్‌ఎఫ్‌పీ 50 వోల్టులకు దిగుతుంది, ఎన్‌ఎంసీ 54 దగ్గరే ఉంటుంది. ఆ 4 వోల్టుల తేడాకు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పదుల ఆంపియర్లు దూకుతాయి. ఒకసారికి ఒకటే కలిసేలా మార్చుకునే స్విచ్ పెట్టుకోండి.

ఏది కొన్నా లేబుల్‌ను నమ్మొద్దు, పేరు గొప్ప ఊరు దిబ్బ ప్యాకులు చాలానే ఉన్నాయి. పూర్తిగా నింపి, షంట్ మీటరుతో కటాఫ్ దాకా, అంటే ప్యాక్ తనంతట తానే ఆగేదాకా ఖాళీ చేసి ఎన్ని ఆంపియర్ అవర్లు వచ్చాయో చూడండి. సెల్ వరుసల మధ్య తేడాను ఎల్‌ఎఫ్‌పీలో ఛార్జింగ్ చివర్లోనే కొలవాలి, మధ్యలో కొలిస్తే చెడ్డ సెల్ కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది.