గెటిస్‌బర్గ్: ఫొటోలు దిగి వచ్చేయకండి, ఆ పొలం నడవండి

న్యూజెర్సీ, వర్జీనియాల్లో ఉండే మనవాళ్లు పొద్దున్నే కారెక్కితే మధ్యాహ్నానికల్లా పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో ఉండొచ్చు. చాలామంది ఫిరంగుల పక్కన ఫొటోలు దిగి సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులై 1 నుంచి 3 దాకా, మూడు రోజుల్లో సుమారు 51,000 మంది చనిపోయిన, గాయపడిన, పట్టుబడిన, గల్లంతైన చోటు అది. రాత్రి అక్కడే ఉండి నిదానంగా చూడాల్సిన ఊరు.

పార్కులోకి ప్రవేశం ఉచితం. మ్యూజియానికీ, 1884 నాటి సైక్లోరమా అనే పెద్ద యుద్ధ చిత్రానికీ టికెట్టు ఉంది. చుట్టూ 377 అడుగుల పొడవున సాగే ఆ చిత్రాన్ని చూడాల్సిందే. కానీ ఖర్చు పెట్టేది ఒక్కదానికే అయితే లైసెన్స్‌డ్ గైడ్‌కి పెట్టండి. మన కారు ఆయనే నడుపుతూ రెండు గంటలు తిప్పుతారు. ముందే బుక్ చేసుకోవాలి. "వీళ్లలో వీళ్లు ఎందుకు కొట్టుకున్నారట?" అని మా అత్తగారు అడిగితే ఆ ప్రశ్న నేను గైడ్‌కి ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన ఒక్క మాటలో "బానిసత్వం" అని, కారు ఒక చిన్న తెల్లటి ఇంటి ముందు ఆపారు.

అది ఏబ్రహామ్ బ్రయన్ అనే స్వతంత్రుడైన నల్లజాతి రైతు ఇల్లు. దక్షిణాది సైన్యం దారిలో దొరికిన నల్లవాళ్లను పట్టుకుని బానిసలుగా తోలుకుపోతోందని తెలిసి ఆ కుటుంబం ముందే పారిపోయింది. పెద్ద పెద్ద విగ్రహాల దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, ఇక్కడ మేం తప్ప ఎవరూ లేరు. నాకు చాలా బాధేసింది. మీరు మాత్రం తప్పకుండా ఆగండి.

ఆ తర్వాత దక్షిణాది జనరల్ పికెట్ పేరున్న దాడి జరిగిన పొలం. సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు, దాదాపు మైలు దూరం, తుపాకులకు ఎదురుగా నడిచారు. దక్షిణాది సేనాని లీ విగ్రహం దగ్గర నుంచి చూస్తే చదునుగా కనిపిస్తుంది. నడిస్తే తెలుస్తుంది, నేల ఎలా పల్లంలోకి దిగి మళ్లీ లేస్తుందో. మా అబ్బాయి నాలుగడుగులు ముందుకెళ్లి తల కూడా కనిపించకుండా పోయాడు. ఎమిట్స్‌బర్గ్ రోడ్డు దగ్గర కంచెలున్నాయి, ఆ సైనికులు గుండ్ల మధ్య వాటిని ఎక్కి దాటాల్సి వచ్చింది. నీడ లేదు. నీళ్లు, టోపీ, గడ్డిలో పురుగులు కుట్టకుండా ఫుల్ ప్యాంటు ఉండాలి.

బసకి ఊరి మధ్య పాత ఇన్‌లో దిగాం. చెక్క మెట్లు అందంగానే ఉన్నాయి గానీ లిఫ్ట్ లేదు, గదిలో ఏసీ రాత్రంతా మోత. పెద్దవాళ్లు వెంట ఉంటే ఊరి బయట హైవే పక్కన చెయిన్ హోటళ్లు నయం. శాకాహారులకు ఊళ్లో పిజ్జా, సలాడ్‌లకు మించి పెద్దగా దొరకలేదు. పులిహోర కట్టుకెళ్లండి. మన భోజనమే కావాలంటే హారిస్‌బర్గ్ వైపు వెళ్లాలి.

ఇంకో రోజు సెలవుంటే అదే యుద్ధంలో ఇంకో రణస్థలం, మేరీల్యాండ్‌లోని యాంటీటమ్ కూడా చూడండి. 1862 సెప్టెంబర్ 17న ఒక్క రోజులోనే దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది. అక్కడ ప్రవేశ రుసుము ఉంది, దుకాణాలూ హడావుడీ తక్కువ. పిల్లలుంటే ముందు గెటిస్‌బర్గే మేలు.