వంపులకు 1.5 మి.మీ. బాల్సా షీటు

100 మి.మీ. వెడల్పు, మీటరు పొడవు ఉన్న ఈ బాల్సా (చాలా తేలికైన చెక్క) షీట్లు మోడల్ విమానం రెక్క ముందంచుకీ, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) వీపుకీ చుట్టడానికి మంచి సరుకే. కాకపోతే కట్ట విప్పగానే ఏరుకోవాలి. ఏ-గ్రెయిన్, సి-గ్రెయిన్ (దుంగను కోసిన తీరును బట్టి వచ్చే పోగుల రకాలు) కలిపి కట్టడం పెద్ద లోపం. పొడవాటి సాదా గీతలున్న ఏ-గ్రెయిన్ అడ్డంగా గొట్టంలా చుట్టుకుంటుంది. మచ్చలు మెరిసే సి-గ్రెయిన్‌ను అలా వంచితే గీత వెంట చీలిపోతుంది. అది రిబ్బులకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డు పలకలకు) బంగారం, వంపుకు పనికిరాదు. తూకం కూడా చూడండి: షీటు 18 గ్రాములుంటే ఘనపు మీటరుకు 120 కిలోలు, హాయిగా వంగుతుంది. 24 గ్రాములు దాటితే మొండికేస్తుంది.

వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, పీవీసీ పైపుకు చుట్టి, పైన బ్యాండేజీ గుడ్డ బిగించి రాత్రంతా ఆరనివ్వాలి. దారం వద్దు, మెత్తబడిన చెక్కలో గాడి పడుతుంది. విప్పాక కొంత వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి కావలసిన వంపుకన్నా కాస్త సన్నని పైపు తీసుకోండి. నీళ్లలో కొంచెం అమోనియా కలిపితే ఇంకా తేలిగ్గా లొంగుతుంది, కిటికీలు తెరిచి పెట్టుకోవాలి.

తడి మీద మాత్రం జిగురు పెట్టకండి. నానిన చెక్క అడ్డంగా ఉబ్బి ఉంటుంది, అతికాక ఆరి కుంచించుకుంటే అతుకు విడిపోతుంది, లేదా రెక్క మెలిపడుతుంది.

రెక్క కొసల గుండ్రానికి షీటును 6 మి.మీ. పట్టీలుగా కోసి, నాలుగు పొరలు తెల్ల జిగురుతో అచ్చు చుట్టూ అతకండి. అచ్చు అంచుకు ముందే సెల్లోటేపు వేయాలి.