ఎనిమిది ముక్కల మెదడు మోడల్: డబ్బులిచ్చే ముందు విప్పి చూడండి

కోఠి సర్జికల్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ఈ పీవీసీ మోడల్ నిజం మెదడంత సైజులో ఉంటుంది. మధ్యకు రెండుగా విడిపోతుంది, ఒక్కో సగంలో నాలుగు ముక్కలు: ఫ్రంటల్, పరైటల్ లోబులు (పెద్దమెదడు భాగాలు) కలిపి ఒకటి, టెంపోరల్, ఆక్సిపిటల్ కలిపి ఒకటి, సగం బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే కాండం), సగం చిన్నమెదడు. బైపీసీ క్లాసుకు, నర్సింగ్‌కు ఇది చాలు. ఎంబీబీఎస్ ఫస్టియర్‌కు, ఫిజియోథెరపీకి చాలదు.

దీని అసలు బలం మధ్యకు కోసిన ముఖం. రెండు సగాలను కలిపే కార్పస్ కల్లోసం, దాని కింద ఫోర్నిక్స్, థాలమస్, హైపోథాలమస్, వెనక పీనియల్ గ్రంథి అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. వెంట్రికల్స్ అంటే మెదడు లోపలి ద్రవపు గదులు. మూడో వెంట్రికల్ నుంచి సన్నటి కాలువ సెరిబ్రల్ ఆక్విడక్ట్ గుండా నాలుగో వెంట్రికల్‌కు వేలు పెట్టి దారి చూపించొచ్చు. మెదడు రోజుకు దాదాపు 500 మి.లీ. మెదడు-వెన్ను ద్రవాన్ని (సీఎస్ఎఫ్) తయారు చేస్తుంది, ఏ సమయంలోనైనా లోపల ఉండేది మాత్రం 150 మి.లీ. దాకానే. ఆక్విడక్ట్ మూసుకుపోతే ద్రవం పైనే నిలిచి లాటరల్, మూడో వెంట్రికల్స్ ఉబ్బుతాయి, నాలుగోది మామూలుగానే ఉంటుంది. హైడ్రోసెఫలస్‌లో, అంటే మెదడులో ద్రవం నిలిచిపోయే జబ్బులో, ఈ సంగతి బొమ్మలో కన్నా ఇక్కడ తేలిగ్గా బుర్రకెక్కుతుంది. అయితే లాటరల్ వెంట్రికల్ సెప్టం అనే పల్చటి గోడ వెనక దాగి ఉంటుంది కాబట్టి ఆ భాగం నోటితో చెప్పాల్సిందే.

మడతలు సరిగ్గా పోశారో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. లోపలి ముఖం మీద సింగ్యులేట్ సల్కస్‌ను (సల్కస్ అంటే మడతల మధ్య గాడి) వెనక్కి పట్టుకుని వెళ్లండి. అది పైకి తిరిగి అంచును చేరే చోటుకు కొంచెం ముందు సెంట్రల్ సల్కస్ ఉండాలి. దాని ముందున్న మడత కండరాలను కదిలించేది, వెనకున్నది స్పర్శను అందుకునేది. ఈ గుర్తు దొరకలేదంటే అచ్చు పోసినవాళ్లు ఊరికే గీతలు గీశారన్నమాట. అలాంటిది కొనకండి. టెంపోరల్ ముక్క ఊడదీసినప్పుడు లోతులో దాగి ఉండే ఇన్సులా భాగపు మడతలు కనపడాలి. చౌక మోడళ్లలో అక్కడ చదునుగా ఉండి ముక్కను బిగించే పిన్ను రంధ్రం ఒక్కటే ఉంటుంది.

ముక్కల అతుకును సహజమైన గాడి అనుకునే ప్రమాదం కూడా ఉంది. పరైటల్, ఆక్సిపిటల్ లోబుల మధ్య బయటి వైపు స్పష్టమైన హద్దు లేదు. పరైటో-ఆక్సిపిటల్ సల్కస్ బాగా కనిపించేది లోపలి ముఖం మీదే. క్లాసులో మొదటి రోజే ఈ మాట చెప్పేయాలి. లోబుకో రంగు పూసిన రకం కన్నా ఒకే రంగుదే తీసుకోండి. రంగు చూసి నేర్చుకున్న విద్యార్థి ఫార్మలిన్‌లో నిల్వ చేసిన నిజం మెదడు ముందు స్పాటర్స్‌లో, అంటే భాగాన్ని చూసి పేరు చెప్పే ప్రాక్టికల్ పరీక్షలో, తడబడతాడు.

పెద్ద లోటు లోపలి కోతలు లేకపోవడం. మెదడు లోతులో ఉండే ఇంటర్నల్ క్యాప్సూల్ (నాడీ తంతువుల కట్ట), బేసల్ గాంగ్లియా (నాడీకణాల గుంపులు) కనిపించవు. పక్షవాతంలో ఒక వైపు చేయీ కాలూ ఎందుకు పడిపోతాయో చెప్పాలంటే అవే ముఖ్యం: కిందికి దిగే మోటార్ తంతువులన్నీ ఇంటర్నల్ క్యాప్సూల్ ఇరుకులోంచే పోతాయి, అక్కడ చిన్న రక్తనాళం తెగినా, మూసుకుపోయినా అవతలి వైపు శరీరమంతా దెబ్బతింటుంది. ఇందుకు అడ్డకోతల మోడల్ విడిగా కొనాలి. వెన్నుపాము కూడా బ్రెయిన్‌స్టెమ్ అడుగు భాగమైన మెడుల్లా కిందే ఆగిపోతుంది, కాబట్టి 31 జతల వెన్ను నాడుల సంగతికి ఇది పనికిరాదు.

వాడకంలో ముందు పాడయ్యేది బ్రెయిన్‌స్టెమ్. పసుపు రంగు కపాల నాడులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, పిల్లలు వాటినే పట్టుకుని లాగుతారు. బ్రెయిన్‌స్టెమ్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే పాన్స్ దగ్గర పట్టుకుని, తిప్పకుండా తిన్నగా లాగాలి. తిప్పితే పిన్ను రంధ్రం వెడల్పై నెల తిరక్కుండానే ముక్క నిలబడదు. విప్పేటప్పుడు చిన్నమెదడుతో మొదలుపెట్టండి, బిగించేటప్పుడు దాన్ని చివర పెట్టండి. స్పిరిట్‌తో, అసిటోన్‌తో తుడిస్తే రంగు ఊడొస్తుంది. సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డ చాలు.

మోడల్ మీది నంబర్లకు భాగాల పేర్లు చెప్పే కార్డును షాపులోనే మోడల్‌తో సరిచూడండి. 12 జతల కపాల నాడుల్లో నాలుగోది, ట్రోక్లియర్, ఒక్కటే బ్రెయిన్‌స్టెమ్ వెనక వైపు నుంచి వస్తుంది. అది ముందు వైపు నుంచి పుడుతున్నట్టు నంబరు వేసి ఉంటే ఆ కార్డును నమ్మొద్దు, వేరేది అడగండి.