బ్రేడీ, మోంటానా, మానింగ్: క్వార్టర్‌బ్యాక్‌లలో ఎవరు మేటి?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో అందరికన్నా గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఎవరని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు టామ్ బ్రేడీ. కారణం అడిగితే ఏడు ఉంగరాలు అంటారు. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ప్రతి ఆటగాడికీ ఒక ఉంగరం దక్కుతుంది. బ్రేడీ పది ఫైనల్స్ ఆడి ఏడు గెలిచాడు. జవాబు తప్పు కాదు గానీ, చూపించే కారణం మాత్రం బలహీనమైనది.

ఈ ఆట కొత్తవాళ్లకు ఒక్క మాట. దాదాపు ప్రతి ఎత్తులోనూ, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నంలోనూ, బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చెయ్యాలి. కానీ బంతి అవతలి జట్టు దగ్గర ఉన్నంతసేపూ అతను బెంచీ మీదే. అంటే సగం ఆటలో అతనికి ప్రమేయమే ఉండదు. ఉంగరాల లెక్క సరిగ్గా ఇక్కడే దెబ్బతింటుంది.

పేటన్ మానింగ్‌నే చూడండి. 2013లో విసిరి సాధించింది 5,477 గజాలు, 55 టచ్‌డౌన్లు (బంతిని అవతలి జట్టు ఎండ్ జోన్‌కు, అంటే మైదానం చివరి భాగానికి, చేర్చడం). రెండూ ఒక సీజన్‌కు లీగ్ రికార్డులే. ఆ సీజన్ ఫైనల్లో అతని జట్టు డెన్వర్ 43-8తో సియాటిల్ చేతిలో చిత్తయింది. మొదటి ఎత్తులోనే, లైన్ దగ్గర ఏదో మార్పు చెప్పడానికి మానింగ్ ముందుకు నడుస్తున్నాడు. స్టేడియం హోరులో, బంతి అందించాల్సిన సెంటర్ పొరబడి బంతిని వెనక్కి వదిలేశాడు. అది మానింగ్ తల పక్కనుంచి దూసుకెళ్లి డెన్వర్ సొంత ఎండ్ జోన్‌లో పడింది, సియాటిల్‌కు రెండు పాయింట్లు. ఆట మొదలై 12 సెకన్లు, స్కోరు 2-0. ప్రతి ఎత్తుకూ చివరి క్షణంలో మార్పులు చెప్పడమే మానింగ్ బలం. ఆ రాత్రి ఆ అలవాటే అతనికి ఎదురుతిరిగింది. రెండేళ్లు గడిచాక, 2015లో, 9 టచ్‌డౌన్లకు 17 ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన పాసులు). అతని కెరీర్ మొత్తంలో అంత నాసి సీజన్ ఇంకొకటి చెప్పడం కష్టం. ఫైనల్లో విసిరి సాధించింది 141 గజాలే. డిఫెన్స్ గెలిపించింది, ఉంగరం వచ్చింది. మంచి ఆటకు ఓటమి, చెత్త ఆటకు ఉంగరం!

బ్రేడీ లెక్కలోనూ ఇలాంటివి ఉన్నాయి. మొదటి టైటిల్లో అతను విసిరి సాధించింది 145 గజాలు, చివర్లో గెలిపించింది ఆడమ్ వినటియరీ కొట్టిన 48 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నితే మూడు పాయింట్లు). లాస్ ఏంజెలిస్ రామ్స్ మీద 13-3తో గెలిచిన ఫైనల్లో బ్రేడీ ఒక్క టచ్‌డౌన్ కూడా విసరలేదు. 2018 ఫిబ్రవరిలో ఏకంగా 505 గజాలు విసిరినా ఫిలడెల్ఫియా చేతిలో 41-33తో ఓడాడు. ఆ రోజు ప్రత్యర్థిని ఆపలేకపోయింది అతని డిఫెన్స్.

మనిషిని తీసేసి చూస్తే

ఉంగరాలకన్నా మంచి పరీక్ష ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ గాయపడో, వెళ్లిపోయో జట్టుకు దూరమైనప్పుడు మిగతా జట్టు ఏమైంది?

మానింగ్ ఉన్న 2010లో అతని అప్పటి జట్టు ఇండియానాపొలిస్ 10-6, అంటే పది గెలుపులు, ఆరు ఓటములు. మెడ శస్త్రచికిత్సలతో అతను దూరమైన 2011లో 2-14. ఈ పరీక్షలో అతని దరిదాపులకు వచ్చేవాడు లేడు. జట్టు ఎంతగా ఒక్కడి మీద వాలిపోయిందో ఇంతకన్నా స్పష్టంగా ఏదీ చెప్పదు.

జో మోంటానా సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 1990లో అతని జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో 14-2. 1991లో అతను మోచేతి గాయంతో ఆడలేదు, జట్టు 10-6కి దిగింది. ఆ మరుసటి ఏడు స్టీవ్ యంగ్ సారథ్యంలో మళ్లీ 14-2. కోచ్ బిల్ వాల్ష్ అల్లిన పొట్టి పాసుల పద్ధతే గొప్పదనీ, మోంటానా కాదనీ వాదించేవాళ్లు దీన్నే చూపిస్తారు. కానీ యంగ్ కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాడే. వజ్రం తీసేసి ఇంకో వజ్రం పొదిగి, చూశారా ఉంగరం మెరుపు తగ్గలేదు అంటే ఎలా?

బ్రేడీ విషయంలో సాక్ష్యం రెండు వైపులా ఉంది. 2007లో అతని జట్టు న్యూ ఇంగ్లండ్ లీగ్ దశలో 16-0. 2008 మొదటి ఆటలోనే బ్రేడీ మోకాలు పోయింది. మ్యాట్ కాసెల్‌తో జట్టు 11-5కి తగ్గింది, అంతే. 2016లో బంతుల్లో గాలి తక్కువన్న వివాదంలో బ్రేడీపై నాలుగు ఆటల నిషేధం పడితే, అవి కూడా 3-1తో గెలుచుకొచ్చారు. ఇక్కడితో ఆపేస్తే గొప్పదనమంతా కోచ్ బిల్ బెలిచెక్‌దే అనిపిస్తుంది. కానీ 2020లో బ్రేడీ టాంపా బే వెళ్లాడు. అంతకుముందు 7-9తో ఉన్న టాంపా ఆ ఏడే ఛాంపియన్ అయింది. బ్రేడీ వదిలేసిన న్యూ ఇంగ్లండ్ 7-9కి పడిపోయింది. టాంపా డిఫెన్స్ గట్టిదే, న్యూ ఇంగ్లండ్‌లో అతని పాసులు అందుకున్న రాబ్ గ్రాంకౌస్కీ కూడా అతనితో కలిశాడు. అయినా 43 ఏళ్ల వయసులో కొత్త కోచ్, కొత్త పద్ధతి, కరోనాతో సన్నాహక ఆటలే లేని సీజన్. అవన్నీ దాటి ఫైనల్లో మూడు టచ్‌డౌన్లు.

అంకెల్ని ఎలా చదవాలి

బ్రేడీకి కెరీర్లో 89,214 గజాలు, 649 టచ్‌డౌన్లు. మోంటానాకు 40,551 గజాలు, 273 టచ్‌డౌన్లు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి బ్రేడీ రెట్టింపు గొప్ప అనడం, గవాస్కర్‌ని టీ20 స్ట్రైక్ రేటుతో కొలవడం లాంటిది. 1978లో లీగ్ రెండు నిబంధనలు మార్చింది. పాసు అందుకోవాల్సిన రిసీవర్‌ని ఐదు గజాలు దాటాక డిఫెండర్ తాకకూడదు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మెన్ చేతులు చాచి అడ్డుకోవచ్చు. 2004 నుంచి ఆ ఐదు గజాల నిబంధనను గట్టిగా అమలు చేశారు. ఇందులో తమాషా ఏంటంటే, దానికి కారణమైన ఆట బ్రేడీ జట్టుదే. ఆ ఏడు జనవరిలో న్యూ ఇంగ్లండ్ డిఫెండర్లు మానింగ్ రిసీవర్లను పట్టి ఆపేశారు. 2008లో బ్రేడీ మోకాలు పోయాక, నేల మీద పడ్డ డిఫెండర్ క్వార్టర్‌బ్యాక్ కాళ్ల మీదికి దూకడం కూడా నిషేధమైంది. మోంటానాకు ఆ రక్షణ లేదు.

అందుకని ఎవరి అంకెనైనా వాళ్ల కాలపు సగటు పక్కన పెట్టి చూడాలి. మోంటానా వంద పాసులకు 2.6 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, బ్రేడీ 1.8. పైకి బ్రేడీ మెరుగు. కానీ 1980లలో లీగ్ సగటు దాదాపు 4 శాతం, బ్రేడీ చివరి రోజుల్లో రెండున్నర లోపే. సగటుతో పోల్చి చూస్తే బంతిని కాపాడుకోవడంలో ఇద్దరి మధ్యా పెద్ద తేడా లేదు.

తరచూ వినిపించే మరో అంకె పాసర్ రేటింగ్. 1973 నుంచి వాడుతున్నారు. నాలుగు భాగాలు: అందుకున్న పాసుల నిష్పత్తిలోంచి 0.3 తీసి ఐదుతో గుణించాలి. పాసుకు సగటు గజాల్లోంచి 3 తీసి 0.25తో గుణించాలి. పాసుకు టచ్‌డౌన్లను 20తో గుణించాలి. పాసుకు ఇంటర్‌సెప్షన్లను 25తో గుణించి 2.375లోంచి తీసెయ్యాలి. ఏ భాగమూ సున్నా కంటే దిగదు, 2.375 దాటదు. నాలుగూ కూడి ఆరుతో భాగించి వందతో గుణిస్తే రేటింగ్. గరిష్ఠం 158.3.

మోంటానా 1989 జనవరి ఫైనల్లో 36 పాసులకు 23 అందాయి, 357 గజాలు, 2 టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్లు లేవు. లెక్క వేస్తే 1.694, 1.729, 1.111, 2.375. రేటింగ్ 115.2. బ్రేడీ 2017 ఫిబ్రవరి ఫైనల్లో 62కి 43, 466 గజాలు, 2 టచ్‌డౌన్లు, 1 ఇంటర్‌సెప్షన్. 1.968, 1.129, 0.645, 1.972. రేటింగ్ 95.2. అంటే లెక్క ప్రకారం మోంటానా చాలా ముందున్నట్టు. అయితే బ్రేడీ ఆ ఆటలో ఐదుసార్లు బంతితో సహా నేలకూలాడు, ఈ సూత్రానికి అది కనబడదు. అతని ఒక్క ఇంటర్‌సెప్షన్‌ను రాబర్ట్ ఆల్ఫోర్డ్ 82 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్‌గా మార్చాడు, అదీ కనబడదు. 25 పాయింట్ల వెనకబాటు నుంచి గెలిచాడన్న సంగతి అసలే కనబడదు.

వేలికొసల మీద నిలిచిన రెండు ఆటలు

ఆ రెండు ఆటల్నీ దగ్గరగా చూస్తే ఇద్దరి గొప్పదనంతోపాటు అదృష్టం కూడా కనిపిస్తుంది.

1989లో మయామి. సిన్సినాటి 16-13తో ముందుంది. మూడు నిమిషాల చిల్లర ఉంది, బంతి శాన్‌ఫ్రాన్సిస్కో 8 గజాల గీత మీద. మోంటానా అవతలి డిఫెన్స్ లోతుగా నిలబడిందని చూసి పొట్టి పాసులతో మొదలుపెట్టాడు. మధ్యలో అరిచి అరిచి ఊపిరాడక కళ్లు తిరిగితే, రిస్కు తీసుకోకుండా బంతిని బయటికి విసిరేశాడు. తర్వాత పెనాల్టీతో పది గజాలు వెనక్కి. అక్కడినుంచి జెర్రీ రైస్‌కి 27 గజాల పాసు, చివరికి 34 సెకన్లుండగా జాన్ టేలర్‌కి టచ్‌డౌన్. 92 గజాలు, 20-16. అందరికీ గుర్తున్నది ఇదే. కానీ నాలుగో క్వార్టర్ మొదట్లో మోంటానా విసిరిన ఒక బంతి సిన్సినాటి డిఫెండర్ లూయిస్ బిలప్స్ చేతుల్లోకి సరాసరి వెళ్లింది. అతను జారవిడిచాడు. మరుసటి ఎత్తులోనే రైస్ టచ్‌డౌన్. నాలుగు ఫైనల్స్, 122 పాసులు, 11 టచ్‌డౌన్లు, సున్నా ఇంటర్‌సెప్షన్లు అన్న మోంటానా గొప్ప రికార్డులో ఆ సున్నా బిలప్స్ దయ.

2017లో హ్యూస్టన్. మూడో క్వార్టర్‌లో ఎనిమిదిన్నర నిమిషాలుండగా అట్లాంటా 28-3. ఇక్కడ అట్లాంటా తప్పుల్ని ముందు చెప్పాలి. ముందంజలో ఉన్న జట్టు పరుగెత్తుతూ గడియారం కరిగించాలి. వాళ్లు విసిరారు. ఒక్క గజం కావాల్సిన మూడో ప్రయత్నంలో విసరబోయి బంతి పోగొట్టుకున్నారు. 28-20 దగ్గర అట్లాంటా రిసీవర్ జూలియో జోన్స్ 22 గజాల గీత మీద అద్భుతంగా బంతి పట్టాడు. మూడుసార్లు ఊరికే పరుగెత్తి ఫీల్డ్ గోల్ కొట్టినా 31-20 అయ్యేది, ఆట దాదాపు అయిపోయేది. మళ్లీ విసరబోయి 12 గజాలు వెనక్కి పడ్డారు, ఆపై పెనాల్టీతో ఇంకో పది. బంతి వదులుకోక తప్పలేదు. బ్రేడీకి 91 గజాలు, మూడున్నర నిమిషాలు దక్కాయి. ఆ దారిలో ఒక పాసును ఆల్ఫోర్డే, మొదట ఇంటర్‌సెప్షన్ చేసినవాడే, చేత్తో తట్టాడు. గాల్లోకి లేచిన బంతిని ముగ్గురు డిఫెండర్ల మధ్య దూకి జూలియన్ ఎడెల్మన్ నేలకు అంగుళాల ఎత్తులో పట్టాడు. ఆల్ఫోర్డ్ చేతికి అది చిక్కి ఉంటే ఈ వ్యాసంలో బ్రేడీ పేరు కాస్త కింద ఉండేది. ఆ రోజు న్యూ ఇంగ్లండ్ 93 ఎత్తులు ఆడింది, అట్లాంటా 46. చివర్లో అట్లాంటా డిఫెండర్లకు కాళ్లు ఆడలేదు. 34-28.

మరైతే ఎవరు?

ఒక్క ఫైనల్ కోసం ఎవరో ఒకర్ని ఎంచుకోమంటే మోంటానా. మామూలు జట్టు చేతికిచ్చి ఏడాది నడపమంటే మానింగ్. మొత్తం కెరీర్ అంటే బ్రేడీయే. కారణం ఉంగరాలు కాదు. 2001లో జాగ్రత్తగా బంతి కాపాడుకునే ఆట. 2007లో రిసీవర్ రాండీ మాస్‌తో దూరపు పాసులు, 50 టచ్‌డౌన్లు. తర్వాత ఇద్దరు టైట్ ఎండ్‌ల (అవతలివాళ్లను అడ్డుకుంటూ పాసులూ అందుకునే ఆటగాళ్లు) పద్ధతి. టాంపాలో మళ్లీ లోతు పాసులు. పద్ధతి మారినప్పుడల్లా తనూ మారి, 44 ఏళ్ల వయసులో, 2021లో, 5,316 గజాలతో లీగ్‌లో మొదటి స్థానం. యంగ్, మానింగ్, మోంటానా ఎవ్వరూ ఆ వయసుకి మైదానంలో లేరు.

పాతకాలంవాళ్లు జానీ యునిటాస్ పేరు తెస్తారు, న్యాయమే. 1956 నుంచి 1960 దాకా వరుసగా 47 ఆటల్లో టచ్‌డౌన్ పాసు విసిరిన అతని రికార్డు 2012 దాకా నిలిచింది, అదీ 1978కి ముందటి నిబంధనలతో సాధించినది. ఓటో గ్రాహమ్ పదేళ్లు ఆడి పదిసార్లూ ఫైనల్ చేరాడు, ఏడు గెలిచాడు, కానీ అందులో నాలుగు వేరే లీగ్‌లోవి.

ఇక ప్యాట్రిక్ మహోమ్స్. బ్రేడీతో రెండుసార్లు ప్లేఆఫ్స్‌లో తలపడి రెండుసార్లూ ఓడాడు. అయినా 2025 ఫిబ్రవరికి, 29 ఏళ్లకు, అతని దగ్గర మూడు టైటిళ్లున్నాయి. 29 ఏళ్ల బ్రేడీ దగ్గరా సరిగ్గా మూడే. బ్రేడీ మిగతా నాలుగూ 37 నిండాక తెచ్చుకున్నాడు. మహోమ్స్‌కి 37 నిండేది 2032 సెప్టెంబరులో.